తట్ట దించి తాపీ పట్టించాలంటే: ఆడకూలీని మేస్త్రీని చేసే పద్ధతి

ఇల్లు కడుతున్న ఏ సైటుకైనా వెళ్లి పది నిమిషాలు నిలబడి చూడండి. ఇసుక జల్లించేది ఆడమనిషి. మాల్ (సిమెంటు, ఇసుక, నీళ్ల ముద్ద) కలిపి బొచ్చెలకెత్తేది ఆడమనిషి. ఇటుకలు తల మీద పెట్టుకుని పైఅంతస్తుకు మోసేది, పొద్దున్నే గోడలకు నీళ్లు కొట్టేది, సాయంత్రం పారలూ బొచ్చెలూ కడిగి లోపల పెట్టేది కూడా ఆమే. తాపీ మాత్రం ఆమె చేతిలో కనిపించదు. పదేళ్లు పనిచేసినా ఆమె పేరు 'కూలీ'. ఆమె పక్కనే అందింపు పనికి చేరిన కుర్రాడు మూడేళ్లలో 'మేస్త్రీ' అయిపోతాడు.

అందుకే, మగవాళ్ల రంగంలోకి ఆడవాళ్లను తీసుకురావాలి అనే మాట మన కట్టడం పనికి సరిగ్గా అతకదు. వాళ్లు ఎప్పుడో వచ్చేశారు. వాళ్లకు లేనిదల్లా పని నేర్పే మనిషి, నేర్చుకున్న పనికి తగ్గ కూలి.

ఒక చిన్న లెక్క. తొమ్మిది అంగుళాల ఎర్ర ఇటుక సుమారు 3 కిలోలు. తల మీద ఎనిమిది పేర్చుకుంటే 24 కిలోలు. ఆ బరువుతో రెయిలింగ్ లేని మెట్లెక్కాలి. మేస్త్రీ ఒకసారి తాపీతో ఎత్తే మాల్ కిలో, మహా అయితే కిలోన్నర. మరి 'అబ్బే, అది బరువు పని, ఆడవాళ్ల వల్ల కాదు' అని మనం ఏ పని గురించి అంటాం? తాపీ పని గురించి! బరువు మోసే మనిషికి తక్కువ కూలి, బరువు లేని పనికి ఎక్కువ కూలి. ఇది మన సైట్లలో తరతరాలుగా నడుస్తున్న లెక్క.

ఇది చిన్న కాంట్రాక్టర్లకు, సైట్ సూపర్‌వైజర్లకు, పెద్ద మేస్త్రీలకు, దగ్గరుండి సొంతిల్లు కట్టించుకుంటున్నవాళ్లకు రాస్తున్నాను. నేను సివిల్ డిప్లొమా చేసి సైటులో అడుగుపెట్టిన మనిషిని. ఇప్పుడు హైదరాబాద్ శివార్లలో చిన్న ఇళ్ల పనులు పట్టుకుంటున్నాను. కింద చెప్పేవాటిలో సగం నేను తప్పు చేశాక తెలిసినవే.

1. ఇద్దరిని ఎంచుకోండి, ఒక్కరిని కాదు

ఒక్కరినే తీసుకుంటే నాలుగు రోజుల్లో ఆమె అందరి నోళ్లలో పడుతుంది. 'సారు మనిషి', 'మేడం మనిషి' అంటారు. తోటి ఆడవాళ్లే ముందు అంటారు. ఇద్దరుంటే ఒకరికి ఒకరు తోడు, తప్పు పోయినప్పుడు నవ్వుకోవడానికి ఇంకో మనిషి ఉంటుంది. ఒకరికి ఊళ్లో పండగో పెళ్లో వచ్చినా రెండోవారి నేర్పు ఆగదు.

ఎవరిని ఎంచుకోవాలి? బలంగా ఉన్న మనిషిని కాదు, కన్ను ఉన్న మనిషిని. 'అన్నా, ఆ మూల కాస్త బయటికొచ్చింది చూడు' అని కింద నుంచి అరిచే ఆడమనిషి దాదాపు ప్రతి సైటులో ఒకరుంటారు. ఆమెను పట్టుకోండి. మూడు నాలుగేళ్లు చేతికింద పనిచేసినవాళ్లకు మాల్ పలచనైందో గట్టిపడిందో చూపుతోనే తెలుస్తుంది. కొత్త కుర్రాడికి అది రావడానికి ఆరు నెలలు పడుతుంది. ఆ మేరకు మీకు నేర్పే పని తగ్గినట్టే.

చదువు రాకపోయినా పరవాలేదు. టేపు మీద అంకెలు గుర్తుపట్టి, అంగుళానికి ఎనిమిది సూత్‌లు అన్న లెక్క తెలిస్తే చాలు. అది మధ్యాహ్నం అన్నాలు తిన్నాక రోజుకు పావుగంట చెప్పినా పది రోజుల్లో వచ్చేస్తుంది.

ఇక అసలు చిక్కు. పాలమూరు వైపు నుంచి వచ్చే బ్యాచ్‌లలో చాలామంది జంటలుగా వస్తారు. మొగుడు మేస్త్రీ, పెళ్లాం చేతికింద. అడ్వాన్సు ఆయన తీసుకుంటాడు, ఇద్దరి కూలీ ఆయన లెక్కలోనే పడుతుంది. మొదటిసారి నేను తెలియక ముందు మొగుణ్ని అడిగాను. 'ఆమె తాపీ పడితే నాకు మాల్ ఎవరు అందిస్తారు మేడం?' అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడనుకుని కోపం తెచ్చుకున్నాను. కాదు, అది నిజమైన ఇబ్బంది. ఆమె అందించకపోతే ఆయన రోజు పని సగానికి పడిపోతుంది. కాబట్టి ఆమె జాగాలో ఇంకో కూలీని సర్దాకే ఈ మాట ఎత్తండి. అప్పుడు కూడా ముందు ఆమెనే విడిగా అడగండి. ఆమె సరేనన్నాక ఆయనతో మాట్లాడండి.

నేర్పేటప్పుడు ఆమెను వేరే మేస్త్రీ దగ్గర పెట్టండి. మొగుడి దగ్గర పెళ్లాం పని నేర్చుకోవడం బండి నేర్చుకోవడం లాంటిదే. సాయంత్రానికి ఇద్దరూ మాట్లాడుకోరు.

2. ముగ్గు పోయకముందే మరుగుదొడ్డి

సైటుకు ముందు ఇసుక వస్తుంది, తర్వాత కంకర, సిమెంటు, స్టీలు. మరుగుదొడ్డి మాత్రం ఇల్లు పూర్తయ్యాక ఓనర్ కోసం వస్తుంది. మగవాళ్లు గోడ చాటుకు వెళ్లొస్తారు. ఆడవాళ్లు వెళ్లకుండా ఉండటం కోసం నీళ్లు తాగడం మానేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో ఎండలో నీళ్లు తాగకుండా పనిచేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. మూత్రంలో మంట, జ్వరం, నాలుగు రోజులు పని బంద్. 'ఆడవాళ్లు నాగాలు ఎక్కువ పెడతారు' అని మనం చేసే ఫిర్యాదులో చాలా భాగం ఇక్కడే పుడుతోంది.

రేకులతో నాలుగు వైపులా కప్పి, ఒక సీటు, చిన్న గుంత, లోపల గడియ, ఒక డ్రమ్ము నీళ్లు. అంతే. గడియ లోపలికి ఉండాలి, రేకుకు బెజ్జాలు ఉండకూడదు. ఈ రెండూ చిన్న విషయాల్లా కనిపిస్తాయి, ఆడవాళ్లు దాన్ని వాడతారా లేదా అన్నది వీటి మీదే ఉంటుంది. నెలసరి రోజుల కోసం మూత ఉన్న చెత్తడబ్బా ఒకటి. పని అయిపోయాక రేకులు పీకి ఇంకో సైటుకు తీసుకెళ్లొచ్చు. నా రేకులు అయిదో సైటులో ఉన్నాయి.

3. పెద్ద మేస్త్రీతో ఒప్పందం

అన్నిటికంటే ఎక్కువ ఓపిక ఇక్కడ కావాలి. తాపీ పని మన దగ్గర తండ్రి నుంచి కొడుక్కి, మేనమామ నుంచి మేనల్లుడికి వచ్చే విద్య. పెద్ద మేస్త్రీ బయటివాళ్లకు తేలిగ్గా నేర్పడు, మగపిల్లలకైనా సరే. అతను మొండివాడని కాదు. నేర్పితే తనకేమిటి? రేపు పోటీకి ఇంకో చెయ్యి తయారవుతుంది, ఈరోజు తన పని ఆలస్యమవుతుంది.

ఆ ఆలస్యం మాట పట్టించుకోకపోతే మీ ప్రయత్నం మొత్తం దెబ్బతింటుంది. మేస్త్రీ గుత్తకు ఒప్పుకుని ఉంటే, అంటే అడుగుకు ఇంత అని రేటు మాట్లాడుకుని ఉంటే, నేర్చుకునే మనిషి పక్కన ఉండటం అతనికి చేతి నష్టం. ఎంత మంచివాడైనా మూడో రోజుకు 'పోయి మాల్ కలుపు' అంటాడు. గుత్త పనిలో నేర్పు జరగదు. కాబట్టి నేర్పు జరిగే గోడలను గుత్త లెక్క నుంచి తీసేసి రోజు కూలి కింద పెట్టండి. దాని పైన నేర్పినందుకు రోజుకు ఇంత అని విడిగా ఇవ్వండి. నేను రోజుకు వంద ఇస్తాను. ఆమె పరీక్ష నెగ్గాక ఒకేసారి ఇచ్చే సొమ్ము కూడా ముందే మాట్లాడుకుంటాను. ఇదంతా ఆడవాళ్లను పైకి తేవడం గురించి ఉపన్యాసం ఇచ్చి సాధించేది కాదు. మేస్త్రీకి గిట్టుబాటు చూపించి సాధించేది.

ఇంకో మాట. సైటులో అందరి ముందూ అతని చేతే చెప్పించండి: 'రేపటి నుంచి వీళ్లిద్దరూ నా దగ్గర పని నేర్చుకుంటారు' అని. ఆ మాట మీ నోటి నుంచి వస్తే ఆర్డర్. అతని నోటి నుంచి వస్తే అది సైటు మాట.

4. పనిముట్లు, బట్టలు

ఎవరి తాపీ వాళ్లకు కొనివ్వండి. అరువు తాపీతో ఎవరూ మేస్త్రీ కారు. చిన్న చేతికి పెద్ద తాపీ ఇస్తే సాయంత్రానికి మణికట్టు పట్టేస్తుంది, కాబట్టి షాపుకు ఆమెనే తీసుకెళ్లి పట్టి చూసుకోమనండి. తూకంగుండు (గోడ నిలువు చూసేది), రసమట్టం (బుడగతో మట్టం చూసేది), మూలమట్టం (మూల సరిచూసేది), దారం ఇద్దరికీ కలిపి ఒక సెట్టు చాలు.

చీర మీద మొగుడి చొక్కా తొడుక్కోవడం మన కూలీలు తమంత తాము కనిపెట్టుకున్న యూనిఫాం. నేల మీద అది బాగానే ఉంటుంది. పరంజా ఎక్కేటప్పుడు మాత్రం కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడతాయి. పంజాబీ డ్రెస్సో ప్యాంటో వేసుకొమ్మని చెప్పండి, చున్నీ నడుముకు కట్టేయాలి. అలవాటు లేనివాళ్లు సిగ్గుపడతారు. ఇద్దరూ ఒకేరోజు మొదలుపెడితే ఆ సిగ్గు పోతుంది. హెల్మెట్ కొప్పు మీద నిలవదు, గడ్డం కింద పట్టీ ఉన్నదే కొనండి. ఎత్తులో పనికి బెల్టు మగవాళ్లకైనా ఆడవాళ్లకైనా తప్పదు. సిమెంటు చర్మాన్ని తినేస్తుంది, కాబట్టి రబ్బరు గ్లౌజులు చిన్న సైజువి వెతకండి. వదులు గ్లౌజుతో ఇటుక జారుతుంది.

5. నేర్పే వరస

మొదటి రెండు వారాలు కొత్త పని ఏమీ ఉండదు. రోజూ చేసే పనికే లెక్క చెప్పండి. తొమ్మిది అంగుళాల గోడకు సిమెంటు ఒక పాలు, ఇసుక ఆరు పాళ్లు. నాలుగున్నర అంగుళాల గోడకు ఒకటికి నాలుగు. నీళ్లు కలిపిన మాల్ అరగంటలో వాడేయాలి, ఎందుకంటే సిమెంటు అప్పటికే బిగుసుకోవడం మొదలుపెడుతుంది. ఎర్ర ఇటుక ఎందుకు నానబెట్టాలి? ఎండు ఇటుక మాల్‌లోని నీళ్లు లాగేసుకుంటుంది, అతుకు పొడిపొడిగా మారుతుంది. ఇవన్నీ ఆమె చేతికి తెలిసినవే. ఎందుకు చేస్తున్నామో తెలిశాక కూలీ ఆలోచన మేస్త్రీ ఆలోచనగా మారడం మీకే కనిపిస్తుంది. ప్రశ్నలు అడగడం మొదలుపెడుతుంది.

తర్వాత దారం. మేస్త్రీ రెండు మూలలూ లేపుతాడు. మూలకూ మూలకూ దారం బిగిస్తాడు. మధ్యలో నింపే ఇటుకలు ఆమెవి. దారానికి తగలకుండా, దారానికి దూరం కాకుండా పెట్టాలి. అతుకు మందం 10 మిల్లీమీటర్లు. కింది వరసలోని నిలువు అతుకు మీద పై వరసలోని నిలువు అతుకు రాకూడదు. మూడు నాలుగు వరసలకు ఒకసారి తూకంగుండు వేలాడదీసి చూడాలి. ఒక్క రోజులో గోడను అయిదడుగులకు మించి లేపకూడదు, కింది మాల్ ఇంకా పచ్చిగానే ఉంటుంది కాబట్టి. మొదటి నెల ఇదే పని. విసుగొస్తుంది, రానివ్వండి.

మొదటి గోడ ఎక్కడ ఇవ్వాలి? ప్లాస్టరింగ్ కింద దాగిపోయే చోట. కాంపౌండు గోడ, మెట్ల కింద గోడ, స్టోర్ రూమ్ గోడ. నీళ్ల సంపు వద్దు, అక్కడ తప్పు పోతే కారుతుంది.

గోడ వంకర పోతే పడగొట్టించండి. పడగొట్టించకపోవడం నేను ఏరికోరి చేసిన తప్పు. మొదటి బ్యాచ్‌లో ఒకామె లేపిన గోడ పైకి వెళ్లేకొద్దీ లోపలికి వాలింది. పాపం అనిపించి వదిలేశాను. ప్లాస్టరింగ్‌కు వచ్చేసరికి దాన్ని నిలువు చేయడానికి ఒక చోట అంగుళం పైగా మాల్ పట్టింది. ఆ మాట సైటులో ఆరు నెలలు తిరిగింది. 'ఆడమేస్త్రీ గోడ' అని పేరు పెట్టారు. ఆరోజే పడగొట్టించి ఉంటే గంటలో మర్చిపోయేవాళ్లు, కుర్రాళ్ల గోడలు పడగొట్టించడం అందరూ చూస్తున్నదే కదా. మనం చూపించిన జాలి ఆమెకు ఎంత నష్టం చేసిందో అప్పుడు అర్థమైంది.

మూడో నెలలో ప్లాస్టరింగ్. లోపలి గోడ నుంచి మొదలుపెట్టండి, 12 మిల్లీమీటర్ల మందం. ముందు బుల్‌మార్క్‌లు (ప్లాస్టరింగ్ మందం చూపే చిన్న మాల్ గుర్తులు) పెట్టి వాటిని తూకంతో సరిచూసుకోవడం, వాటి మధ్య మాల్ కొట్టడం, అల్యూమినియం బద్దతో లాగడం. మాల్ గోడకు కొట్టే ఆ మణికట్టు విసురు పట్టుబడటానికి పది పదిహేను రోజులు పడుతుంది. మొదటి రోజు సగం మాల్ నేల మీదే ఉంటుంది, ప్లాస్టిక్ షీటు పరచండి. సీలింగ్ అన్నిటికంటే చివర. బయటి గోడలు పరంజా అలవాటయ్యాక.

ఇక్కడ ఒక పొగడ్త గురించి హెచ్చరిక. 'ఆడవాళ్ల చెయ్యి నాజూకు, టైల్స్‌కీ పెయింటింగ్‌కీ బాగుంటుంది' అంటారు. నిజమే, టైల్స్ మంచి పని. నీడపట్టున ఉంటుంది, కూలీ కూడా బాగుంటుంది. ఇష్టమైతే అటు వెళ్లొచ్చు. కానీ మూల లేపడం నేర్పకుండా నేరుగా అటు తోసేయకండి. మూల కట్టడం వచ్చినవాళ్ల చేతిలోనే గోడ ఉంటుంది. మూల రానివాళ్లు ఎన్నేళ్లు పనిచేసినా ఎవరో బిగించిన దారం మధ్యే ఇటుకలు నింపుతుంటారు.

అలాగే ప్లాన్ చదవడం. కాగితం మీద ఈ గీత గోడ, ఈ విల్లు ఆకారం తలుపు తెరుచుకునే వైపు, ఇక్కడ రాసిన అంకెలు లోపలి కొలతలు అని కూర్చోబెట్టి చెప్పండి. మన సైట్లలో ఇంజనీరు మేస్త్రీతో మాట్లాడేటప్పుడు ఆడవాళ్లు పక్కకు తప్పుకుంటారు. ఆ కాగితం విప్పేటప్పుడు ఇద్దరినీ పిలవండి.

ఆరో నెలలో పరీక్ష. ఒక మూల, ఒక కిటికీ సందు ఉన్న నాలుగడుగుల గోడ. కొత్తగా మేస్త్రీగా చేరే మగవాళ్లకు ఏ పరీక్ష పెడతారో అదే, ఒక్క సూత్ తేడా లేకుండా. దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ 2019లో జూనియర్ లైన్‌మన్ ఉద్యోగాలు మగవాళ్లకే అంటే, కొందరు అమ్మాయిలు హైకోర్టుకు వెళ్లారు. వాళ్లు అడిగింది పరీక్ష తేలిక చేయమని కాదు, మాకూ స్తంభం ఎక్కే పరీక్ష పెట్టమని. పెట్టారు, ఎక్కారు. 2021లో ఉద్యోగం కూడా వచ్చింది. పరీక్ష ఒకటే అయినప్పుడు ఆ తర్వాత ఎవరూ నోరెత్తలేరు.

6. కూలి లెక్క కాగితం మీద

'నేర్చుకున్నాక చూద్దాం' అనే మాట వద్దు. నా పద్ధతి ఇది. నేర్చుకునే ఆరు నెలలూ పాత కూలి ఒక్క రూపాయి తగ్గదు. మూడో నెల నుంచి, అంటే మాల్ కొట్టడం మొదలయ్యాక, రోజుకు కొంత పెరుగుతుంది. పరీక్ష నెగ్గిన మర్నాటి నుంచి మేస్త్రీ కూలి. సగం మేస్త్రీ కూలి, ముప్పావు మేస్త్రీ కూలి అంటూ ఉండదు.

మా వైపు మేస్త్రీకి వెయ్యి ఇచ్చే చోట ఆడకూలీకి ఆరేడు వందలే ఇస్తారు. ఆ తేడా ఆమె చేతికి వచ్చినప్పుడే ఇంట్లో ఎదురు మాటలు తగ్గుతాయి. అత్తగారి మనసు మార్చింది నా మాటలు కాదు, శనివారం కూలి.

ఒకే పనికి ఆడ మగ తేడా చూపి కూలి తగ్గించకూడదని 1976లోనే సమాన వేతన చట్టం వచ్చింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ అంటున్నదీ అదే. చట్టం ఇన్నాళ్లుగా ఉన్నా తేడా ఎందుకు నిలిచిందంటే, పని పేరు వేరు చేసి పెట్టాం కాబట్టి. ఆమె చేసేది 'చేతికింద పని', అతను చేసేది 'మేస్త్రీ పని'. అందుకే మస్టర్‌లో, అంటే హాజరు పుస్తకంలో, ఆమె పేరు ఎదురుగా ఏం రాస్తున్నారో జాగ్రత్తగా చూసుకోండి. ఆరోజు తాపీ పట్టి ఉంటే మేస్త్రీ అని రాయాలి.

కూలి ఆమె ఖాతాలోకే వేయండి. ఖాతా లేకపోతే తెరిపించండి. జంట అడ్వాన్సు ఇచ్చేటప్పుడు కూడా ఇద్దరి లెక్కా విడివిడిగా రాయండి. గొడవ అవుతుంది, మొదటి నెల తప్పదు.

7. పిల్లలు, వేధింపులు

పెద్ద సైటులో 50 మందికి పైగా ఆడవాళ్లు పనిచేస్తుంటే క్రెష్, అంటే పిల్లల్ని చూసుకునే చోటు, పెట్టాలని 1996 నాటి కట్టడం కార్మికుల చట్టం చెప్పేది; 2025లో దాని స్థానంలో వచ్చిన కోడ్‌లు ఆడా మగా కలిపి 50 మంది లెక్క చూస్తాయి. మన చిన్న సైట్లలో అంతమంది ఉండరు, కాబట్టి చట్టం మన మీదికి రాదు, పిల్లలు మాత్రం వస్తారు. చెట్టుకు చీర ఉయ్యాల, పక్కన ఇసుక కుప్ప మీద ఇంకో ఇద్దరు. మాల్ కలిపేటప్పుడు పిల్లాడు ఏడిస్తే పరిగెత్తి రావచ్చు. పరంజా మీద ఉన్నప్పుడు కుదరదు. తల్లి కన్ను కిందే ఉంటే కాలు జారేది పైనే.

నేను చేసేది: కూలీల్లోనే కాస్త వయసు మీదపడిన ఒకామెకు పూర్తి రోజు కూలి ఇచ్చి పిల్లల్ని చూడమంటాను. ఒక నీడ, మంచినీళ్లు, సైటు నుంచి విడిగా తడికె. మూడేళ్లు దాటిన పిల్లల్ని దగ్గరి అంగన్‌వాడీలో చేర్పించండి. వలస వచ్చినవాళ్ల పిల్లలు కదా అని టీచర్ వెనకాడితే మీరే వెళ్లి మాట్లాడండి. అక్కడ గుడ్డూ అన్నమూ దొరుకుతాయి. ఢిల్లీలో మొబైల్ క్రెషెస్ అనే సంస్థ 1969 నుంచి సైట్లలోనే పిల్లల కేంద్రాలు నడుపుతోంది. ఇది కొత్తగా కనిపెట్టాల్సిన పనేమీ కాదు.

వేధింపు గురించి మనవాళ్లు మాట్లాడరు, మానేసి వెళ్లిపోతారు. పని నేర్పే మిషతో చెయ్యి పట్టుకునే మేస్త్రీలు ఉంటారు. నేర్పే గంటల్లో ఆ ఇద్దరూ కలిసే ఉండేలా చూడండి, సాయంత్రం చీకటి పడ్డాక నేర్పు వద్దు. 10 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. అంతకంటే తక్కువున్న సైటు అయినా, ఫిర్యాదు యజమాని మీదే అయినా, జిల్లాలో స్థానిక కమిటీకి ఇవ్వొచ్చు. జరిగిన మూడు నెలల లోపల ఇవ్వాలి. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు మరుగుదొడ్డి రేకు లోపలి వైపు పెయింటుతో రాయించండి. బయట బోర్డు మీద రాస్తే అందరి ముందూ నిలబడి ఎవరూ నంబరు రాసుకోరు.

8. కార్డూ సర్టిఫికెట్టూ

18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, గత 12 నెలల్లో 90 రోజులు కట్టడం పని చేసినవాళ్లు కార్మిక సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. ప్రసూతి సాయం, ప్రమాద పరిహారం లాంటివి దాని ద్వారానే వస్తాయి. కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సు వసూలు చేసేది దీని కోసమే. చాలా ఇళ్లలో మొగుడికి కార్డు ఉంటుంది, పెళ్లానికి ఉండదు. ఆమెకూ తీయించండి. అప్లికేషన్‌లో పని పేరు అడిగిన చోట అలవాటుగా 'కూలీ' అని నింపేస్తారు, చూసుకుని 'తాపీ మేస్త్రీ' అని రాయించండి.

సర్టిఫికెట్ కోసం హైదరాబాద్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది. 1998 నుంచి తాపీ, ప్లంబింగ్, ఎలక్ట్రికల్ పనులు నేర్పుతోంది. ఇప్పటికే పని వచ్చినవాళ్లకు కొత్తగా కోర్సు అక్కర్లేదు. ఉన్న నైపుణ్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కేంద్రం స్కిల్ పథకాల్లో ఉంది. గ్రామీణ ఆవాస్ యోజన కింద 45 రోజుల మేస్త్రీ శిక్షణ కూడా ఉంటుంది. చిన్న సైట్లలో ఎవరూ సర్టిఫికెట్ అడగరు గానీ పెద్ద కంపెనీ గేటు దగ్గర అడుగుతారు.

9. ఓనర్‌కు ఏం చెప్పాలి

'ఆడమనిషి కట్టిన గోడ నిలబడుతుందా?' ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. వాదించకండి. రసమట్టం ఓనర్ చేతికిచ్చి గోడ మీద పెట్టి చూడమనండి. బుడగ మధ్యలో ఉందంటే మాట అయిపోయినట్టే.

తెలంగాణలో ఇందిరమ్మ ఇల్లు మంజూరయ్యేది ఇంటి ఆడమనిషి పేరు మీద. ఆమె పేరున ఇల్లు ఉండొచ్చట, ఆమె చేత్తో గోడ కట్టకూడదట. ఝార్ఖండ్‌లో స్వచ్ఛ భారత్ మరుగుదొడ్లు కట్టేటప్పుడు మేస్త్రీలు సరిపోక పల్లెల్లో ఆడవాళ్లకు పని నేర్పారు. వాళ్లకు 'రానీ మిస్త్రీ' అని పేరు పెట్టారు. అవసరం వచ్చేసరికి ఆచారం అడ్డం రాలేదు.

మనకు ఆ పని చేసే ఆడమనిషికి మాటే లేదు. మా కుర్రాళ్లు కొన్నాళ్లు 'మేస్త్రమ్మ' అని నవ్వారు, తర్వాత అదే అలవాటైంది. తెలుగింట పుట్టిన అయ్యల సోమయాజుల లలిత, మన దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరు, 1943లో మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో డిగ్రీ తీసుకున్నప్పుడు సర్టిఫికెట్ల మీద 'అతడు' అని అచ్చయి ఉంటే కొట్టేసి 'ఆమె' అని దిద్దాల్సి వచ్చిందట. మస్టర్‌లో దిద్దడానికి మనకు అంత కష్టం లేదు, రోజూ కొత్త పేజీనే.

ఆమె చేతికింద పనిచేయనని మొండికేసే మగకూలీ ఒకడుంటాడు. మొదట్లో ఒక కుర్రాణ్నో, ఇంకో ఆడకూలీనో ఇవ్వండి. పెద్దవాళ్లతో పెట్టుకోకండి, కూలి రోజులు తగ్గినప్పుడు వాళ్లే వస్తారు.

చివరగా, చాలామంది కాంట్రాక్టర్లు అడిగేది: నేర్పాక వేరేవాళ్ల దగ్గరికి వెళ్లిపోతే? వెళ్లిపోతారు. మగ మేస్త్రీలు వెళ్లడం లేదా? నా దగ్గర నేర్చుకున్న ముగ్గురిలో ఇద్దరు వెళ్లిపోయారు. ఒకామె ఇప్పుడు శంకర్‌పల్లి వైపు బాత్రూం టైల్స్ గుత్తకు పడుతోంది. నాకు టైల్స్ మేస్త్రీ దొరకని రోజు ఆమెకే ఫోన్ చేస్తాను. వస్తుంది, పని శుభ్రంగా చేస్తుంది. రేటు మాత్రం ఒక్క రూపాయి తగ్గించదు.